కెమెరా కింద ఇటుక

అల్లుడు కెమెరాకు బ్యాటరీ గ్రిప్పు కొన్నప్పటి నుంచి పెద్దాయన నోటికి సెలవు లేకుండా పోయింది.

పాస్‌పోర్టు ఫొటోకని స్టూడియోకు ఎవరొచ్చినా, వాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టీ కూర్చోబెట్టకముందే కెమెరాను తిప్పి అడుగు భాగం చూపించేవాడు. "చూశారా, మా అల్లుడుగారు కెమెరా కింద ఇటుక పేర్చారు. పై అంతస్తు ఎప్పుడు లేపుతారో తెలీదు." వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఫొటో తీసేవాడు. పాస్‌పోర్టు ఫొటోలో నవ్వకూడదు కాబట్టి మళ్ళీ తీయాల్సి వచ్చేది. అయినా చెప్పడం మాత్రం మానలేదు.

గ్రిప్పు అంటే ఓ నల్లటి పెట్టె. కెమెరా అడుగున పెట్టి మర బిగిస్తే అతుక్కుపోతుంది. లోపల రెండు బ్యాటరీలు పడతాయి. కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు నొక్కుకోవడానికి దాని పక్కన వేరే బటన్ ఉంటుంది. ఉన్నదింతే. అల్లుడు మాత్రం దాని గుణగణాలు చెప్పడం మొదలుపెడితే టీ చల్లారిపోయేది.

"రోజంతా బ్యాటరీ మార్చక్కర్లేదు మామయ్యా."

"రోజంతా తీసేంత పని నీకెవడిచ్చాడు?"

"చేతికి పట్టు బాగుంటుంది."

"నీ చేతులు జారిపోయే రకమని పెళ్ళికి ముందు చెప్పాల్సింది."

అసలు కారణం ఇద్దరికీ తెలుసు. చిన్న కెమెరాతో వెళితే జనం దారివ్వరు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు మోచేతులతో పక్కకు తోసేస్తారు. కెమెరా లావుగా కనిపిస్తే తప్పుకుంటారు, "ఫొటో ఆయన వచ్చాడు" అంటారు. గ్రిప్పు తగిలించాక అల్లుడు ఏ ఫంక్షను హాల్లోకి వెళ్ళినా ముందు కెమెరా వెళ్ళేది, దాని వెనక పొట్ట, ఆ తర్వాత అల్లుడు. పెద్దాయన కళ్ళు చెడ్డవి. అలాంటివి ఇట్టే పట్టేవి.

ఆయనకు మొదటి నుంచీ సామాను మీద చులకన. స్టాండు వాడేవాణ్ణి చూస్తే, "పాపం, చేతులు లేవా?" అనేవాడు. స్టూడియోలో ఒక స్టాండు ఉండేది. దాని మీద తడి గొడుగు ఆరేసేవాడు. ఊళ్ళో ఉన్న సగం మంది మొహాలు వట్టి చేతులతో తీశానని, ఒక్కటీ వణకలేదని, ఒక్కటీ ఒరగలేదని చెప్పుకునేవాడు. అది అబద్ధం కాదు. కాకపోతే పాత మాట.

ఆయన కుడి భుజం చెడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. తల దువ్వుకునే పని లేకుండా జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. తల మీదుగా తొడుక్కునే బనియన్లు మానేసి, బొత్తాల చొక్కాలే వేసేవాడు. అటక మీది వస్తువు కావాలంటే అల్లుణ్ణి పిలిచి, యజమాని పనివాడికి చెప్పినట్టు, "అదందుకో" అనేవాడు. అల్లుడు అది పెత్తనం అనుకునేవాడు. అలా అనుకోవడమే పెద్దాయనకు కావలసింది.

చేతిని ఎంత దాచినా ఫొటోలు దాగలేదు.

మనిషిని నడుము దాకా తీయాలంటే కెమెరాను నిలువుగా తిప్పాలి. అప్పుడు కుడిచెయ్యి పైకి పోతుంది, మోచెయ్యి చెవి ఎత్తుకు లేస్తుంది. ఒకటీ రెండూ అయితే పళ్ళు బిగపట్టి లాగించేవాడు. వరసగా తీయాల్సి వస్తే చెయ్యి దిగజారేది. దానితో పాటు కెమెరా ఒక పక్కకు ఒరిగేది. ఈ మధ్య ఒక లారీల కంపెనీకి డ్రైవర్ల ఫొటోలు తీసి పంపితే, ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "మా డ్రైవర్లు అందరూ ఒకవైపే ఒరిగి ఉన్నారు. ఫొటోల రోజు తాగారా ఏంటి?"

స్టూడియోలో కంప్యూటర్ పని, ప్రింట్ల పని కూతురిది. ఆమె ఒక్కొక్క డ్రైవర్నే నిటారుగా నిలబెట్టింది. అలా నిలబెట్టడంలో అంచులు కత్తిరించాల్సి వచ్చి, కొందరి భుజాలూ ఒకరిద్దరి చెవులూ పోయాయి.

"ఏంటి నాన్నా ఇది?"

"అక్కడి నేల వాలుగా ఉంది."

"నేల వాలుగా ఉంటే గోడ కూడా వాలుతుందా?"

"పాత గోడ."

కూతురు తండ్రి నోట్లోంచే ఊడిపడింది. మాట దాచుకునే రకం కాదు. "వచ్చేది నూలు మిల్లు వాళ్ళ పని. గుర్తింపు కార్డుల ఫొటోలు, అన్నీ నిలువువే. అవి కూడా ఒరిగాయనుకో, కెమెరా ఇక ఆయనకి ఇచ్చేస్తాను. నువ్వు కౌంటర్లో కూర్చుని కవర్లివ్వు," అంది.

కవర్లివ్వడం అన్న మాట పెద్దాయనకు ఎక్కడో గుచ్చుకుంది. కెమెరా చేతిలో లేని మనిషిగా తనను తాను ఆయన ఎప్పుడూ ఊహించుకోలేదు. ఊహించుకుంటే, కౌంటర్ వెనక కుర్చీలో ఒక ముసలాయన కనపడ్డాడు, అంతే.

మిల్లు పని రోజు అల్లుడు వీడియో కెమెరా పట్టుకుని ఏదో కాలేజీ ఫంక్షనుకు పెందలాడే వెళ్ళిపోయాడు. పోతూ భార్యకు చెప్పాడు, "మామయ్యని గ్రిప్పు తియ్యొద్దని చెప్పు. మాటిమాటికీ తీసి పెడితే మర అరిగిపోతుంది."

కూతురు ఆ మాట చెప్పింది. పెద్దాయన తల ఊపాడు. ఆమె అటు తిరగగానే మర తిప్పి గ్రిప్పు ఊడదీశాడు. దానిలోంచి బ్యాటరీలు తీసి, ఒకటి కెమెరాలో పెట్టుకుని, రెండోది జేబులో వేసుకున్నాడు. మిల్లువాళ్ళ ముందు ఆ ఇటుక మోసుకుంటూ వెళ్ళడం ఆయన వల్ల అయ్యే పని కాదు. తీసిన గ్రిప్పును బల్ల మీద వదిలేస్తే కూతురు చూస్తుంది. అందుకని చెప్పుల అర దగ్గరికి వెళ్ళి, వానాకాలం వేసుకునే తన పొడవాటి రబ్బరు బూటులోకి దాన్ని జారవిడిచాడు.

అప్పుడు చూశాడు, కెమెరా అడుగున బ్యాటరీ గదికి మూత లేదు. నల్లగా కన్నం. "మూత కూడా విరగ్గొట్టాడు మహానుభావుడు," అనుకుని, ఆ కన్నం మీద నల్ల టేపు ముక్క అంటించి బయలుదేరాడు.

మిల్లు క్యాంటీన్లో బల్లలు గోడవారకు నెట్టి, ఒక గోడకు తెల్లగుడ్డ కట్టారు. లోపలి నూలు యంత్రాల రొద నేలలోంచి కాళ్ళకు తెలుస్తోంది. జుట్టుకు దూది అంటిన మనుషులు వరసగా నిలబడ్డారు. సూపర్‌వైజరు మాటిమాటికీ తలుపు వంక చూస్తున్నాడు. మనుషులు ఇక్కడ నిలబడితే అక్కడ మరలు ఊరికే తిరుగుతాయని ఆయన బాధ.

పెద్దాయన మొదటి మనిషిని గుడ్డ ముందు నిలబెట్టాడు. ఆమె అప్పుడే మొహం కడుక్కుని తల దువ్వుకుని వచ్చింది. కెమెరా ఎత్తి మీట నొక్కాడు. వెలగలేదు. బ్యాటరీ మార్చాడు. వెలగలేదు. టేపు తీసి, మళ్ళీ వేశాడు. కెమెరాను చెంపదెబ్బ కొట్టినట్టు తట్టాడు. అది మొద్దులా ఊరుకుంది.

"బాబాయ్, తీస్తావా, మమ్మల్నే గీసుకోమంటావా?" అంది ఆమె.

"ఉండమ్మా. మా అల్లుడు దీన్ని పాడుచేశాడు."

"అందరిళ్ళల్లోనూ ఉన్నదే."

వరసంతా నవ్వింది. పెద్దాయన చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్ళూ కెమెరా వెనక నిలబడి జనాన్ని నవ్వించాడే గాని, ఆ నవ్వు ఇటు తిరిగితే ఎలా ఉంటుందో ఆయనకు అంతగా తెలియదు. గోడ పక్కకు వెళ్ళి కూతురికి ఫోను చేశాడు.

"గ్రిప్పు తీసేశావా?" అంది ఆమె ముందే.

"అసలు సంగతి అది కాదు."

"అదే అసలు సంగతి. మూత పెట్టకపోతే ఆ కెమెరా వెలగదు. మూత అంచు లోపలున్న చిన్న పుల్లని నొక్కాలి. టేపు నొక్కదు."

"మూత నీ మొగుడు విరగ్గొట్టాడు."

"విరగలేదు. గ్రిప్పు పెట్టాలంటే మూత ఊడదియ్యాలి. అది పోకుండా పెట్టుకోవడానికి గ్రిప్పులోనే అర ఉంది. అందులో ఉంది. గ్రిప్పెక్కడ పెట్టావు?"

పెద్దాయన వరస వంక ఒకసారి చూసి, గోడ వైపు తిరిగాడు.

"నాన్నా, ఎక్కడ పెట్టావు?"

"చెప్పుల అరలో."

"ఇక్కడ లేదే."

"బూట్లో చూడు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె ఫోను పెట్టేసింది.

ఆమె వచ్చేటప్పటికి వరస నేల మీద కూర్చుంది. సూపర్‌వైజరు నిలబడలేక, కూర్చోలేక తిరుగుతున్నాడు. కూతురు క్యాంటీన్ తలుపులోంచి నేరుగా వచ్చింది. చేతిలో గ్రిప్పు లేదు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటు ఒకటుంది.

"బాబాయ్ చెప్పులు మర్చిపోయొచ్చాడే," అంది మొదటి మనిషి. "అవి లేకపోతే ఫొటో రాదు గామాలు."

గ్రిప్పు బూటు వేళ్ళ దగ్గర ఇరుక్కుపోయి ఇంట్లో రాలేదట. కూతురు బూటును తలకిందులు చేసి, మడమ పట్టుకుని అందరి ముందూ బల్లకేసి కొట్టింది. పాత వాన మట్టి కొంచెం రాలింది. ఆ తర్వాత గ్రిప్పు పడింది. జనం చప్పట్లు కొట్టారు.

"మూత ఒక్కటి ఇటియ్యి," అన్నాడు పెద్దాయన.

ఆమె గ్రిప్పు అరలోంచి మూత తీసి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన టేపు పీకి మూత బిగించాడు. కెమెరా వెలిగింది. గ్రిప్పు బల్ల మీదే ఉండిపోయింది. పెద్దాయన దాని వంక, పంక్తిలోంచి లేపేసిన మనిషిని చూసినట్టు చూసి, పనిలోకి దిగాడు.

ఒకటి, రెండు బాగానే తీశాడు. మరికొన్ని తీశాక కూతురు వచ్చి ఆయన వెనక నిలబడింది. తెల్లగుడ్డకు మధ్యలో నిలువుగా ఒక మడత ఉంది. ఎదురుగా చూస్తే మడత నిటారుగా ఉంది. కెమెరా వెనక తెరలో చూస్తే మనిషితో పాటు అదీ వాలిపోతోంది. ఆమె ఇక ఫొటోలు చూడలేదు. తండ్రి మోచెయ్యి చూసింది. అది లేవడం లేదు. ఎడమచేత్తో లెన్సు కింద పట్టి, ఆ బలంతో కుడిచేతిని పైకి నెడుతున్నాడు. నొక్కిన ప్రతిసారీ పెదవి పళ్ళ కిందికి పోతోంది.

"ఎప్పటి నుంచి?" అంది మెల్లగా.

"ఏది?"

"చెయ్యి."

"ఏ చెయ్యి?"

"నీకున్నవి రెండే కదా నాన్నా."

ఆయన కెమెరా దించాడు. "కొంచెం పట్టేసింది. రాత్రి ఆ పక్కకి పడుకున్నాను."

"డ్రైవర్ల ఫొటోల ముందు రోజు కూడా ఆ పక్కకే పడుకున్నావా?"

సూపర్‌వైజరు ఇటే చూస్తున్నాడు.

"ఆ గ్రిప్పు బిగించు," అంది కూతురు.

"నా వల్ల కాదు. జనం ముందు దాన్ని పట్టుకుని..."

"ఇందాక జనం ముందు బూటు దులిపాను. అంతకన్నా సిగ్గేముంది? బిగించవా? అయితే కెమెరా ఇలా ఇవ్వు, నేను తీస్తాను."

చెయ్యి చాపింది. బెదిరింపు కాదు. కెమెరా మీద ఆమె వేళ్ళు కూడా పడ్డాయి. పెద్దాయన వదల్లేదు. కాసేపు ఇద్దరూ దాన్ని చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు వదిలితే మళ్ళీ తన చేతికి రాదని ఆయనకు తెలుసు. ఇవాళ ఇది మిల్లు క్యాంటీన్, రేపు కౌంటర్ వెనక కుర్చీ.

"నీకు ఫోకస్ తెలీదు," అన్నాడు చివరికి. కెమెరాను తన వైపు లాక్కుని, బల్ల మీద బోర్లించి, మూత తీసి అరలో పెట్టి, బ్యాటరీలు వేసి, గ్రిప్పు తనే బిగించాడు. మరను కావాలని మోతాదుకు మించి తిప్పాడు.

కెమెరాను నిలువుగా తిప్పి, గ్రిప్పు మీది బటన్ నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు. పెద్దాయన మొహంలోకి వెలుగొచ్చింది.

"చూశావా? ఉత్త బొమ్మ బటన్. నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఇది అలంకారం. నగ."

కూతురు కెమెరా అందుకుని చూసింది. బటన్ పక్కన గోరంత మీట ఒకటుంది. అది ఆఫ్ వైపు ఉంది. బటన్ మీద, మీట మీద కలిపి, కొత్త వస్తువుల మీద అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. అంచు కూడా లేవలేదు. ఆమె గోటితో ఆ పొర పీకి, మీట జరిపింది. నొక్కింది. ఫ్లాష్ వెలిగి సూపర్‌వైజరు కళ్ళు మూసుకున్నాడు.

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంగతి ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అల్లుడు దీన్ని కొని, తగిలించి, గుణగణాలు చెప్పి, ఇన్నాళ్ళూ ఫంక్షన్లన్నీ తిప్పాడు. దీని బటన్ ఒక్కసారీ నొక్కలేదు. నిలువు ఫొటోలన్నీ ఈ బరువుతో సహా మోచెయ్యి చెవి దాకా ఎత్తి తీశాడు.

పెద్దాయన నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో. "అమ్మా, నీ మొగుడు దీన్ని కొన్నది నొక్కడానికి కాదే. మెడలో వేసుకోవడానికి."

కూతురు నవ్వలేదు. ఎంతైనా ఆమె మొగుడే కదా. "పని చూడు," అంది.

పని సాగింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించుకునే నొక్కాడు. కుడిచెయ్యి ఎత్తే పనే లేదు. ఇదివరకు వయసులో పనిచేసినట్టు, మనిషి నిలబడడం, గడ్డం కొంచెం దించమనడం, నొక్కడం, తర్వాతి మనిషి. గుడ్డ మీది మడత ప్రతి ఫొటోలోనూ గీత గీసినట్టు నిటారుగా వచ్చింది. సుఖంగా ఉంది. ఆ సుఖమే ఆయనకు ఒళ్ళుమంటగా ఉంది. మధ్యమధ్యలో, "ఎంత బరువు, దరిద్రం," అని పైకే అనుకున్నాడు. నిజానికి బరువు తెలియడం లేదు. అంతలో ఎవరో, "బాబాయ్ కెమెరా ఇప్పుడు పెద్దదైంది, బొమ్మలు కూడా పెద్దగా వస్తాయా?" అన్నారు. ఆయన వాళ్ళను అందరికన్నా చివర నిలబడమన్నాడు.

అంతా అయి, మనుషులు లోపలికి వెళ్ళిపోయి, కూతురు గోడ మీది గుడ్డ విప్పి మడతపెట్టింది.

"చెయ్యెత్తు నాన్నా."

"ఎందుకు?"

"ఎత్తు."

ఎత్తాడు. చెయ్యి చొక్కా బొత్తాల ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. ఆమె ఆ చేతి కింద తన అరచెయ్యి పెట్టి కొంచెం పైకి జరిపింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె మెల్లగా దించేసింది.

"రేపు డాక్టర్ దగ్గరికి వెళుతున్నాం."

"ఆయనేం చేస్తాడు? ఇంకో డబ్బా తగిలిస్తాడు."

"తగిలించనీ. మీ అల్లుడికి చెప్పను. కెమెరా నీ దగ్గరే ఉంటుంది. ఫొటోలు తిన్నగా వచ్చాయి, నా మాట మీద నేనుంటాను. కానీ ఒకటి. ఇంట్లో నువ్వు ఆ మీట సంగతి ఎత్తావంటే, చెయ్యి సంగతి నేనెత్తుతాను."

పెద్దాయన గతుక్కుమన్నాడు. ఇంటికి వెళ్ళే దారంతా ఆ మాటను ఎలా మొదలుపెట్టాలా, అల్లుడి మొహం ఎలా మారుతుందా అని నోరూరించుకోవాలనుకున్నాడు. స్టూడియోకు వచ్చే ప్రతివాడికీ చెప్పాలనుకున్నాడు. కనీసం ఏడాదికి సరిపడా సరుకు.

"అంత మాట దాచుకోమంటావా?" అన్నాడు దీనంగా.

"నువ్వు చెయ్యే దాచుకున్నావు కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు ముక్తసరిగా చెప్పింది, "నాన్న ఇవాళ మీ గ్రిప్పుతోనే తీశాడు. అన్నీ బాగా వచ్చాయి."

అల్లుడు ముద్ద ఆపేశాడు. తర్వాత ఆగలేదు. "నేను చెబుతూనే ఉన్నాను కదా మామయ్యా. మీరే వినలేదు. దాని కిటుకంతా బరువులో ఉంది. బరువుంటే చెయ్యి వణకదు."

పెద్దాయన కంచంలోకి చూస్తూ, "ఆ పక్కనున్న బటన్..." అన్నాడు. కూతురు మజ్జిగ గిన్నె బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది.

"ఆ బటనా?" అన్నాడు అల్లుడు. "అది కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మామయ్యా. చెయ్యి తిరిగినవాళ్ళం మనకెందుకు? మనం ఇలా పట్టుకుంటాం." ఎడమచేత్తో లేని కెమెరాను పట్టుకుని, కుడి మోచెయ్యిని సీలింగు ఫ్యాను వైపు లేపి చూపించాడు. చెమటకు చంకలో చొక్కా తడిసి ఉంది. రోజంతా వీడియో కెమెరా మోసిన చెయ్యి కొంచెం వణికింది కూడా.

పెద్దాయన గొంతులోకి ఒకేసారి నాలుగైదు మాటలు వచ్చాయి. ఏది ముందు వెళ్ళాలో తెలియక తోసుకున్నాయి. ఆయన కంచం మీదికి వంగి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మోచెయ్యి లేపకుండా.

"బాగా పట్టుకున్నావు," అన్నాడు.

అల్లుడి చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మామగారి నోట అలాంటి మాట అతను వినలేదు. దించి, అనుమానంగా ఆయన మొహంలోకి చూశాడు. భార్య వైపు వంగి, "మామయ్యకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

కూతురు తండ్రి వంక చూసింది. అల్లుడి చూపు అప్పటికే మామగారి కంచం దాకా వచ్చింది, పక్కటెముకలకు ఆనించిన కుడి మోచేతి మీద ఆగబోతోంది.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు పెద్దాయన. "ముందు నీ సంగతి చూసుకో. ఆ చొక్కా పొట్ట దగ్గర బొత్తాం తెగేలా ఉంది. దానికీ ఒక గ్రిప్పు కొని తగిలించు."

అల్లుడు కిందికి చూసుకుని చొక్కా సర్దుకున్నాడు. "బాగానే ఉన్నారు," అని భార్యతో అని, నిశ్చింతగా కంచం దగ్గరికి లాక్కున్నాడు.